మామిడి కొత్తకి ముందు చెరువు చుట్టూ

ముప్ఫై మూడేళ్లు మున్సిపాలిటీ నీళ్ల విభాగంలో పనిచేసినవాడికి చెరువంటే ఏం కనిపిస్తుంది? మట్టం కనిపిస్తుంది. తూము కనిపిస్తుంది. ఉన్న నీళ్లు ఎన్నాళ్లకి సరిపోతాయో లెక్క కనిపిస్తుంది. విజయనగరంలో వీధి వీధికీ కుళాయి తిప్పించి రిటైరైన మనిషిని నేను. 'నీళ్లు రాలేదు' అని చెప్పడానికి తప్ప ఇన్నేళ్లలో ఎవరూ నాకు ప్రేమగా ఫోన్ చేసిన పాపాన పోలేదు. అలాంటివాణ్ణి మొన్న ఏప్రిల్‌లో అరకు దాటి, కొండల మధ్య ఒక చెరువు చుట్టూ రెండు రోజులు నడవడానికి బయల్దేరితే పక్కింటాయన నవ్వకుండా ఎలా ఉంటాడు? "రిటైరయ్యాక కూడా చెరువేనా గురువుగారూ?" అన్నాడు.

ముగ్గురం వెళ్లాం. నేను, నా భార్య వరలక్ష్మి, ఆమె తమ్ముడు సూరిబాబు. వరలక్ష్మి దేనిగురించైనా ఎదుటివాళ్ల మాట వింటుంది, వంట గురించి మాత్రం వినదు. సూరిబాబు బియ్యం వ్యాపారి. ఎంత కొత్తవాళ్లతోనైనా ఐదు నిమిషాల్లో వరస కలిపేస్తాడు, ఆరో నిమిషంలో బేరం మొదలుపెడతాడు. నడవమని డాక్టరు చెప్పింది అతనికి. ఒక్కడూ నడిస్తే ఏం బాగుంటుందని మమ్మల్ని కూడా లాక్కెళ్లాడు.

టైడా దగ్గర జీడిపళ్లు

కొత్తవలస దాటాక రైలు కొండెక్కడం మొదలుపెట్టింది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తున్నారు, వాళ్లతో సమానంగా సూరిబాబు కూడా వేస్తున్నాడు. టైడాలో బండి ఆగగానే ఒక ముసలమ్మ కిటికీ దగ్గరకి ఆకుదొప్పల్లో జీడిపళ్లు తెచ్చింది. దొప్ప పది రూపాయలు.

"రెండు దొప్పలు పదిహేనుకియ్యవే అమ్మా" అన్నాడు సూరిబాబు.

ముసలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "పిక్కలు నాను తీసీసుకున్నాను, వొట్టి పళ్లు మీకిత్తన్నాను. దీనికీ బేరమేటి బాబూ?"

పెట్టెలో అందరూ నవ్వారు. సూరిబాబు మారు మాట్లాడకుండా ఇరవై ఇచ్చాడు. మా భోగాపురం వైపు తోటల్లో జీడిపిక్క తీసుకుని పండుని అక్కడే పారేస్తారు, అది కుళ్లి ఈగలు ముసురుతాయి. ఇక్కడ అదే పండుని ఆకులో పెట్టి అమ్ముతున్నారు. ఘాటుగా, తీయగా, నాలుక పట్టేసేలా ఉంది. రసం వరలక్ష్మి చీర కుచ్చిళ్ల మీద కారింది. జీడిపండు మరక చీర చిరిగేదాకా పోదని ఎదురు సీటావిడ చల్లగా చెప్పింది.

అరకులో స్టేషన్ బయట బొంగులో చికెన్ వాసన ముక్కుకి తగిలింది. వెదురుబొంగు ఒకటి నాలుగొందలన్నారు. తిన్నాం, బాగుంది. మర్నాడు ఈ మాట చెరువు దగ్గర చెప్తే, "మేం ఇంటికాడ ఎప్పుడూ కుండలోనే వొండుకుంటాం. బొంగు మీ టూరిస్టులకే" అన్నారు అక్కడివాళ్లు.

బొడ్డపుట్టు గట్టు

పధ్నాలుగు మందిమి కూర్చున్న షేరు జీపు మమ్మల్ని బొడ్డపుట్టు చెరువు గట్టు కింద దింపింది. గట్టెక్కి చూశాను. ఎదురుగా నాలుగు కొండల మధ్య నీళ్లు, అవతలి ఒడ్డున పొగమంచులో తేలుతున్న రెండు మూడు పెంకుటిళ్లు, ఇవతల అడవి నీళ్లదాకా దిగి ఆగిపోయింది. వయసులో ఉన్నప్పుడు కూడా ఇంత తేటనీరు నేను చూడలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే తూము ఎక్కడుందో వెతికాను. అలవాటు ఊరికే పోతుందా?

మమ్మల్ని నడిపించడానికి వచ్చినావిడ పేరు సోములమ్మ. ముప్ఫై ఏళ్లుంటాయి. భుజాన సంచీ, చేతిలో వెదురుకర్ర, కాళ్లకి అరిగిన రబ్బరు చెప్పులు. ఆమె, ఇంకో నలుగురు ఆడవాళ్లు కలిసి చెరువు చుట్టూ ఉన్న పాత పశువుల దారిని బాగుచేసి, నడవాలని వచ్చేవాళ్లని తీసుకెళ్తున్నారు. తిండితో కలిపి రెండు రోజులకి మనిషికి పన్నెండొందలు.

గట్టు మీదే మమ్మల్ని కూర్చోబెట్టింది. "అమ్మా, బాబూ, ఒక్క మాట ముందే సెప్పేత్తాను. దారి పొడుగునా మామిడిచెట్లుంతాయి. కాయలు సేతికందుతాయి. ఒక్కటీ ముట్టుకోకండి. మాకింకా మామిడి కొత్త అవ్వలేదు."

మామిడి కొత్త అంటే ఏమిటని అడిగాం. ఆ యేడు కాసిన మామిడిని ముందు ఊరి దేవతకి పెట్టి, పండగ చేసుకుని, ఆ తర్వాతే మనుషులు తింటారట. చిక్కుడికీ కొత్త ఉంది, కందికీ కొత్త ఉంది, సామకీ ఉంది. ఏ రోజు చెయ్యాలో మంచీచెడ్డా చూసి చెప్పే పెద్దాయన్ని దిసారి అంటారు. ఈ యేడు ఆయన పెట్టిన రోజుకి ఇంకా పదకొండు రోజులుంది.

"నిరుడు పట్నం నుంచి కుర్రోలొచ్చినారు. వొద్దన్నా వినకుండా కాయలు కోసీసి ఉప్పూకారం ఎట్టుకుని తినీసేరు. మా ఊళ్లోలందరికీ కోపమొచ్చీసి దారి మూసీసేరు" అంది సోములమ్మ. "ఈ యేడు కాళ్లావేళ్లా పడితే మూడుసార్లు తీసుకెల్లమన్నారు. రెండయిపోనాయి. మీది మూడోది. తప్పు జరక్కపోతే కొత్తనాడు పెద్దలు కూకుని, ఇంక ఎప్పటికీ తీసుకెల్లొచ్చని సెప్తారు."

"జరిగితే?" అన్నాడు సూరిబాబు.

"జరిగితే ఏటుంది బాబూ, నాను మళ్లీ ఇటికలబట్టీకే." ఏటా ఆరు నెలలు కింద ఊళ్లలో ఇటుకలు మొయ్యడానికి వెళ్తుందట. ఆరేళ్ల గుంటని అమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్లాలి. నిరుడు తిరిగొచ్చేసరికి ఆ గుంట తల్లిని పోల్చుకోలేక అమ్మమ్మ వెనక దాక్కుందని నవ్వుతూనే చెప్పింది. మాకు నవ్వు రాలేదు.

వరలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుని, "చెట్టు కాదు కదా, చెట్టు నీడ కూడా ముట్టుకోం" అని మాటిచ్చింది.

రెండు చుట్టల దూరం

సోములమ్మకి కిలోమీటర్లతో పని లేదు. "ఇంకెంత దూరం?" అని అడిగితే "ఒక సుట్ట దూరం" అంటుంది. ఒక చుట్ట కాల్చుకుంటూ నడిస్తే అది అయిపోయేలోగా చేరతాం అని అర్థం. అయితే చుట్ట కాల్చేది వాళ్ల అత్త, ఆవిడ కొండమీద మేకలా నడుస్తుంది. మా నడకకి ఒక చుట్ట అంటే గంటన్నర పట్టింది.

దారి మొదట నీటి అంచునే వెళ్లింది. ఎండిన ఒండ్రు మీద కొంగల అడుగులు, పశువుల గిట్టలు. తర్వాత అడవిలోకి ఎక్కింది. పెద్దచెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే చుట్టుకున్న మిరియం తీగలు. ఒకచోట అడ్డాకులు కోస్తున్న ఇద్దరు ఆడవాళ్లు కనిపించారు. మనం పెళ్లిళ్లలో భోంచేసి పారేసే విస్తరాకు వెనకాల ఇంత ముళ్లదారి ఉందని నాకు తెలీదు. సంతలో వంద ఆకుల కట్టకి ఎంతిస్తారని సూరిబాబు అడిగాడు. వాళ్లు చెప్పిన ధర విని, మా ఊళ్లో తను కొనే ధర మాత్రం చెప్పకుండా నోరు మూసుకున్నాడు. వ్యాపారికి ఎప్పుడు మాట్లాడకూడదో బాగా తెలుసు.

ఆ కాసేపటికే అతని బూటు నోరు తెరిచింది. కొడుకు కొనిచ్చాడని నాలుగేళ్లు అటకమీద దాచి, ఈ యాత్రకని దించిన బూట్లు. జిగురు ఎండిపోయి ఒక అట్ట పూర్తిగా ఊడొచ్చింది. పది అడుగులేశాక రెండోది కూడా ఊడింది. సోములమ్మ అడ్డతీగ నార చీల్చి, రెండు బూట్లనీ అట్టలతో కలిపి బిగించి కట్టింది. "ఇది ఊడదు బాబూ, మా ఇళ్లే దీంతో కడతాం" అంది. నిజంగానే ఊడలేదు. ఇంటికొచ్చాక కత్తెరతో కొయ్యాల్సి వచ్చింది.

మామిడిచెట్లు ఆమె చెప్పినట్టే ఉన్నాయి. కొమ్మలు తలకి తగులుతున్నాయి, పచ్చటి కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. సూరిబాబు చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. ఒకచోట రాలిపడిన కాయ కాలికి తగిలితే తేలుని చూసినట్టు పక్కకి గెంతాడు. ఆ గెంతుకి నేను తూలి బురదలో మోకాళ్లదాకా దిగాను. చెప్పు తియ్యడానికి ఇద్దరు పట్టారు.

ఆ రాత్రి ఆడవాళ్లు వేసిన రేకుల షెడ్డులో పడుకుని, పొద్దున్నే చోడి అంబలి తాగాం. మా అమ్మ ఉన్నప్పుడు మా ఇంట్లో కూడా రోజూ అదే. ఇప్పుడు మా వీధిలో దాన్ని రాగిజావ అని పేరు మార్చి గ్లాసు ఇరవైకి అమ్ముతున్నారు. ఇక్కడ లోటాలో పోసి, పచ్చిమిరపకాయ నంజుకోమని ఇచ్చారు. రెండు లోటాలు తాగాను.

పనసగుడలో భోజనం

రెండో రోజు మధ్యాహ్నం చెరువుకి పడమటి ఒడ్డున ఉన్న పనసగుడ చేరాం. ఊరిపెద్దని అందరూ నాయుడు అనే పిలుస్తారు. అరవై దాటిన మనిషి, బక్కగా, చురుగ్గా ఉన్నాడు. నిరుడు దారి మూయించింది ఈయనే. సోములమ్మ మా ముగ్గురినీ చూపించి, "ఒక్క కాయా ముట్టుకోలేదు" అంది. ఆమె గొంతులో గర్వం వినిపించింది. నాయుడు తలూపి, "కూకోండి, తినండి" అని తను కూడా మాతో కూర్చున్నాడు. అడ్డాకుల్లో సామల అన్నం, రాజ్మా కూర, ఏదో కొండాకు వేసిన పప్పు.

రాజ్మా అంత మెత్తగా ఉడకడం నేనెక్కడా చూడలేదు. మేం ఆవురావురుమని తింటున్నాం. అప్పుడు వరలక్ష్మి సంచీలో చెయ్యిపెట్టి గాజుసీసా తీసింది.

మా వైపు ఆడవాళ్లు కాశీకి వెళ్లినా ఆవకాయ లేకుండా వెళ్లరు. అది లేకపోతే అన్నం ముందు కూర్చున్నట్టే ఉండదు. తను తింటూ ఎదుటివాళ్లకి పెట్టకపోవడం వరలక్ష్మి వల్ల కాదు. నాయుడు ఆకులో రెండు ముక్కలు, ఇంత ఊట వేసింది. ఆయన అన్నంలో కలుపుకుని ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. ముక్క చప్పరించాడు.

"బాగుందమ్మా. మా సంతలో పేకెట్లు ఇంత బాగుండవు. ఇది ఏ కొట్లో కొన్నారు?"

నేనైతే ఏదో ఒక కొట్టు పేరు చెప్పి ఊరుకునేవాణ్ణి. ముప్ఫై ఏళ్లుగా జాడీ కడుతున్న వరలక్ష్మిని పట్టుకుని ఏ కొట్లో కొన్నావంటే ఊరుకుంటుందా?

"కొట్లోదేటండీ! నా చేత్తో నేను పెట్టాను. నిరుటిది కూడా కాదు. మొన్న ఆదివారం కొత్తకాయ కొట్టించి కలిపాను, బుధవారం తిరగ్గలిపాను. ఈ యేటికి ఇదే మొదటి సీసా. ముక్క చూడండి, ఎలా కరకరలాడుతోందో!"

నాయుడు చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. వడ్డిస్తున్న ఆయన భార్య గరిటె దించేసింది. సోములమ్మ గోడకి జారబడి నేల మీద కూలబడింది. మాకు అర్థం కావడానికి ఇంకో రెండు క్షణాలు పట్టింది. చెట్టు వంక చూడకుండా రెండు రోజులు నడిచి, ఊరి కొత్తకి పది రోజుల ముందు ఊరిపెద్ద నోట్లోనే కొత్తమామిడి పెట్టాం.

వరలక్ష్మి రెండు చేతులతో నోరు మూసుకుంది. నాయుడు మెల్లగా లేచి, చెయ్యి కడుక్కుని, పుక్కిలించి వచ్చాడు. ఆయన ముఖంలో కోపం కంటే ఎక్కువగా భయం కనిపించింది.

"ఎవులో తింటే నాను తప్పు కట్టించేవోణ్ణి" అన్నాడు. "ఇప్పుడు నానే తినీసేను. దీనికి దిసారే సెప్పాలి. నడండి."

దిసారి ఇంటి అరుగు

దిసారి ఉండేది చెరువు మలుపు తిరిగాక దిగువవలసలో. మా దారి కూడా అటే. నాయుడు ముందు, మేం వెనక. సూరిబాబు నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"బావా, ఇదంత కష్టమేటి కాదు. అప్ప పొరపాటున చెప్పింది, అది నిరుటి ఆవకాయేనని అనేద్దాం. సీసా మీదేమైనా తారీకు ఉందా? నాయుడు బయటపడతాడు, ఈ అమ్మాయి పని నిలబడుతుంది. ఎవరికి నష్టం?"

నిజం చెప్తున్నాను, నాకు ఆ మాట నచ్చింది. వెనక వస్తున్న సోములమ్మ వినేసింది.

"వొద్దు బాబూ. నిరుడు కుర్రోలు అబద్ధమాడీసేరు, కోతులు తినీసేయని. అందుకే మావోలకి కోపం. కాయ పోయిందని కాదు." కాసేపు నడిచి, "నాకు దారి పోతే పోనాది. దిసారి మొకం సూసి నాను అబద్ధమాడలేను" అంది.

సూరిబాబు తేలుకుట్టిన దొంగలా వెనక్కి తగ్గాడు. ఆ మధ్యాహ్నం చెరువు ఎంత అందంగా ఉందో ఇప్పుడు ఫొటోల్లో చూసుకుంటున్నాను. అప్పుడు కనిపించలేదు.

దిసారి ఎనభై ఏళ్లవాడు. అరుగు మీద కూర్చుని చీపురు కడుతున్నాడు. నాయుడు నిలబడే మొత్తం చెప్పాడు, తనదే తప్పన్నాడు. వరలక్ష్మి అడ్డొచ్చి, తప్పు తనదంది. సోములమ్మ, సంచీ చూడకపోవడం తన తప్పంది. దిసారి ముగ్గురినీ విని చీపురు పక్కన పెట్టాడు.

"అమ్మా, మీరు కాయ ఎలా కోత్తారు?"

"టెంకతోనే కొట్టిస్తామండి. ముక్కకి టెంక ఉంటేనే ఆవకాయ నిలవుంటుంది."

"మరి టెంక లోపల జీడి?"

"తీసి పారేస్తాం."

దిసారి అరుగు మీద ముందుకి జరిగాడు. "వోనలకి మా కాడ గింజలుండవు. ఎండిన జీడిని పారే గెడ్డనీల్లలో నానబెట్టి, సేదు పోయాక దంచి, అంబలి కాసుకుంతాం. కాయ ముదిరితేనే జీడి ముదురుతాది. ముందే కోసీస్తే వోనల్లో ఏటి తింతాం? అమ్మోరికి ముందెట్టడం అందుకే. అమ్మోరు ఆగమంటే మనిషి ఆగుతాడు."

ఏటా మా ఇంటి పెరట్లో గోనెసంచీ నిండా మేం పారబోసే జీడి నా కళ్ల ముందుకొచ్చింది. చీపురుతో ఊడ్చి మరీ పారబోస్తాం. వరలక్ష్మి తల ఎత్తలేదు. చాలా సిగ్గుపడ్డాం ఇద్దరం.

"మీ కాయ మా కొండది కాదు, మీ అమ్మోరిది" అన్నాడు దిసారి. "మా నాయుడు తెలీక తిన్నాడు. తెలీక తిన్నదానికి తప్పు పెద్దది కాదు. నాయుడు ఒక కోడి ఇత్తాడు. ఇంక మీరు. ఆ సీసాలోది నాయుడితో కలిసి తిన్నారు కదా? ఒక్క బంతిలో తిన్నోలు ఒక్కటే. కొత్త అయ్యేదాకా నాయుడు మామిడి ముట్టడు. మీరు ముగ్గురూ ముట్టకూడదు. పచ్చిదీ, పండుదీ, ఊరేసిందీ. మీ ఊళ్లో అయినా సరే. కొత్తనాడు ఫోన్‌లో అడుగుతాం. ఆగేరంటే దారి తెరుత్తాం."

"ఆగలేదంటే?" అని సోములమ్మే అడిగింది.

"నువ్వు తీసుకొచ్చిన మనుసుల మాటకి ఇలువ నేదన్నమాట. ఇంక ఎవుల్నీ తేవొద్దు."

వరలక్ష్మి సీసా మూతకి గుడ్డ కట్టి అరుగు మీద పెట్టేసింది. సాయంత్రం గట్టు మీదకి చేరాం. చెరువు చుట్టూ తిరగడం పూర్తయింది. జీపెక్కేటప్పుడు సోములమ్మ ఏమీ అడగలేదు. "బేగి ఎక్కండమ్మా, సీకటి పడతాది" అని మాత్రం అంది.

విజయనగరంలో ఒక బస్తా

ఇల్లు చేరేసరికి వీధరుగు మీద బస్తా ఉంది. పెద్ద జాడీ కోసం శృంగవరపుకోట తోటలో వరలక్ష్మి ముందే చెప్పిన కాయలు. మర్నాడు పెట్టడానికి కారం, ఆవపిండి, నూనె అన్నీ సిద్ధం. మా ఇంటికి, మా చెల్లెలి ఇంటికి, సూరిబాబు ఇంటికి ఏడాది పొడుగునా వచ్చే ఆవకాయ అది. తొమ్మిది రోజులు ఆగాలి.

ఆవకాయని కాయ కోసిన రెండో రోజుకే పెట్టెయ్యాలి. తొమ్మిదో రోజున ఏమవుతుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. చల్లగా ఉంటుందని కాయల్ని గచ్చు మీద పరిచాను, తడిగుడ్డ కప్పాను, ఫ్యాన్ వేశాను. కుళాయి కట్టినట్టు మామిడి పండకుండా కట్టెయ్యొచ్చని నా ఆశ. మూడో రోజుకి నాలుగు కాయలు పసుపు తిరిగాయి. ఐదో రోజుకి ఇల్లంతా ఘుమఘుమ. పెట్టడానికి పనికిరావు, తినడానికి లేదు. పక్కింటాయన వాసన పట్టి వచ్చి, "తినకుండా పూజ చేస్తున్నారా?" అన్నాడు. బుట్టెడు ఆయనకే ఇచ్చేశాం. మా చెల్లెలు ఫోన్ చేసి, జాడీ కట్టావా వదినా అంటే, లేదంది వరలక్ష్మి. ఎందుకంటే, కథంతా మొదటినుంచీ చెప్పింది. అవతలనుంచి, "నీకేమైనా పిచ్చా? వాళ్లు చూడొచ్చారా?" అని వినిపించింది. ఫోన్ పెట్టేసి మా ఆవిడ ఏడ్చింది. ముప్ఫై ఏళ్లలో అనుకున్న రోజుకి జాడీ కట్టని ఏడాది ఇదే.

తొమ్మిదో రోజు పొద్దున్న సూరిబాబు వచ్చాడు. మనిషి వాడిపోయి ఉన్నాడు. రాత్రి ఎవరిదో పెళ్లి భోజనానికి వెళ్లాడట.

"బావా, పులిహోర వేశారు. చింతపండుదనుకున్నాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, మామిడికోరు. వెంటనే ఉమ్మేశాను. మింగలేదు. ఒట్టు."

"మింగలేదు కదా, వదిలెయ్" అన్నాను.

అతను కుర్చీలో కూర్చుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

పదకొండు గంటలకి ఫోన్ మోగింది. సోములమ్మ. గట్టు మీదికొస్తేనే వాళ్లకి సిగ్నల్. వెనకాల డప్పులు, మనుషుల గోల వినిపిస్తున్నాయి.

"అమ్మా, ఇప్పుడే కొత్త అయిపోనాది. నాయుడూ, దిసారీ ఇక్కడే ఉన్నారు. అడగమంటన్నారు. ఆగినారా?"

"ఆగామమ్మా" అంది వరలక్ష్మి. "బస్తా కాయలూ పండిపోయాయి. నేనూ, ఈయనా ఒక్క ముక్క ముట్టుకోలేదు."

"మరి ఆ బాబు?"

వరలక్ష్మి తమ్ముడి వైపు చూసింది. నేను వద్దన్నట్టు తలూపాను. ఆరేళ్ల గుంట నా కళ్లలో మెదిలింది. ఉమ్మేసిన ముద్దకి ఎవరి బతుకైనా బలవ్వాలా? సూరిబాబు లేచి ఫోన్ తీసుకున్నాడు. సేరుకి గిద్దెడు తగ్గినా కొలత సరిపోయిందనే మనిషి.

"సోములమ్మా, నేనమ్మా. రాత్రి పెళ్లిలో తెలీక నోట్లో పెట్టుకున్నాను. ఉమ్మేశాను. అయినా పెట్టుకున్నాను. ఈ మాట నీకు చెప్పకుండా ఉండలేను తల్లీ, నన్ను క్షమించు."

అవతల ఫోన్ ఎవరికో ఇస్తున్న చప్పుడు. వాళ్ల భాషలో ఏవో మాటలు. డప్పులు ఆగిపోయాయి. మేం ముగ్గురం ఫోన్ చుట్టూ తలలు ఆనించి నిలబడ్డాం. చాలాసేపటికి దిసారి గొంతు వినిపించింది.

"నువ్వేనేటి బాబూ, కాళ్లకి అడ్డనార కట్టుకొచ్చినోడివి?"

"నేనే తాతా."

"ఉమ్మీసినావని ఎవులు సూసినారు?"

"ఎవరూ చూడలేదు."

"మరెందుకు సెప్పినావు?"

సూరిబాబు నోరు తెరిచేలోపే అవతల ముసలాయన నవ్వాడు, వెనకాల నాయుడు కూడా నవ్వినట్టు వినిపించింది. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. ఆ చప్పుడులోంచి సోములమ్మ అరుస్తూ చెప్పింది. "బాబూ, దారి తెరిసీసేరు! ఆదివారం ఆరుగురొత్తన్నారు. నానే తీసుకెల్తన్నాను. ఇటికలబట్టీ మేస్త్రీకి రానని ఇప్పుడే సెప్పేత్తాను."

వరలక్ష్మి లోపలికెళ్లి పళ్లలోంచి మంచిదొకటి ఏరి, కడిగి తెచ్చి ముందు తమ్ముడి చేతిలో పెట్టింది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. తినమని మేం మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.